మా బావగారి కత్తెరముక్కు పిట్ట

దివిసీమ వెళ్లొచ్చానని చెప్పగానే మా అనంతపురంలో అందరూ అడిగింది ఒకటే, చేపలు బాగా తిన్నావా అని. ఆ సంగతికి తర్వాత వస్తాను, అదో కడుపుమంట. అసలెందుకు వెళ్లావని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్తాను. నేను వెళ్లింది ఒక పిట్ట కోసం, ఆ పిట్ట వల్ల పోయిన మా బావగారి పరువు కోసం.

మా అక్క సత్యవతి కాపురం గుడివాడలో. బావగారు సాంబశివరావు మాస్టారు అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక కొందరు భక్తిలో పడతారు, కొందరు చిట్టీల్లో పడతారు, ఈయన పిట్టల్లో పడ్డారు. గుడివాడ, బందరు, విజయవాడల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఆ గ్రూపుకో కట్టుబాటు కూడా ఉంది. అరుదైన పిట్టని చూశానని ఎవరైనా చెప్తే స్పష్టమైన ఫోటో అయినా చూపించాలి, పక్కన నిలబడి చూసిన మనిషినైనా చూపించాలి. రెండూ లేకపోతే ఆ పిట్టని చూడనట్టే లెక్క.

కిందటి చలికాలం బావగారు దివిసీమలోని నాగాయలంక రేవులో ఒక్కరే నిలబడి ఒక పిట్టని చూశారు. ఇంగ్లీషులో దాన్ని స్కిమ్మర్ అంటారు. తెలుగులో అందరూ ఒప్పుకున్న పేరు నాకు దొరకలేదు గానీ గ్రూపువాళ్లు కత్తెరముక్కు అని పిలుచుకుంటారు, నేనూ అలాగే అంటాను. దాని కింది ముక్కు పొడుగు, పై ముక్కు పొట్టి. నోరు తెరిచి, కింది ముక్కుని నీళ్లలో దించి, నీటిని కోసుకుంటూ ఎగురుతుందట. ముక్కుకి చేప తగలగానే టక్కున మూసేస్తుందట. లోకంలో ఎక్కువ మిగల్లేదు కాబట్టి చూసినవాడు అదృష్టవంతుడు.

బావగారు గ్రూపులో పెట్టిన ఫోటో నేనూ చూశాను. కింద నీళ్లు, పైన ఆకాశం, మధ్యలో ఒక తెల్లటి మరక, మరకకి ఒక చివర ఎర్రగా ఏదో ఉంది. ఇంక గ్రూపువాళ్లు ఆయన్ని ఆడుకున్నారు. ఒకరు అది ప్లాస్టిక్ కవరన్నారు, ఒకరు ఫోన్ అద్దం తుడుచుకోమన్నారు. అందరికంటే గట్టిగా పట్టుకున్నది రఘురాం. విజయవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఈ రఘురాం ఒకప్పుడు బావగారి దగ్గరే పదో తరగతి లెక్కలు నేర్చుకున్నాడు. బావగారి పద్ధతి ఏమిటంటే, జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో స్టెప్పులు తప్పయితే సున్నా వేస్తారు. ఎర్ర పెన్నుతో గుండ్రంగా సున్నా, దాని కింద "మళ్లీ చెయ్యి" అన్న ముక్క, పక్కన పొట్టి సంతకం. రఘురాం అలాంటి సున్నాలు చాలా తిన్నాడు. అందుకని మరక ఫోటో కింద అతను రాసిన మాట ఒక్కటే: "స్టెప్పులేవి మాస్టారూ?"

ఆ మాట గ్రూపులో సామెతలా నిలిచిపోయింది. ఎవరు కాకి ఫోటో పెట్టినా స్టెప్పులేవి అని అడగడమే. బావగారు ఏడాది పాటు నవ్వుతూ భరించి, ఈ ఫిబ్రవరిలో ఒక మాట అనేశారు. నాగాయలంక వస్తే సాక్షుల ముందు చూపిస్తాను, చూపించలేకపోతే గ్రూపులోంచి తప్పుకుంటాను, నా బైనాక్యులర్స్ రఘురాంకి ఇచ్చేస్తాను అని. ఆ మర్నాడే అక్క నాకు ఫోన్ చేసింది.

"వసుంధరా, నువ్వు తప్పకుండా రావాలే. పిట్టలు పోతే ఈయన రోజంతా వంటింట్లో కూర్చుంటారు. రిటైరైన కొత్తలో చూశానుగా, పప్పులో ఉప్పుకి కూడా నిష్పత్తి చెప్పేవారు. నేను బతకలేను."

బ్యాంకులో సెలవు పెట్టి బయల్దేరాను. అక్క మీద ప్రేమ సగం, దివిసీమ రొయ్యల మీద ప్రేమ సగం.

గుడివాడ

గుడివాడలో పొద్దున్నే హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. పక్కన అల్లం పచ్చడి గిన్నెడు పెట్టారు, ఎంతైనా వేసుకోవచ్చు. మా వైపు బొరుగుల ఉగ్గాని, బజ్జీలతో తెల్లవారుతుంది, దానికి దీటైనది లేదని నా నమ్మకం. ఆ అల్లం పచ్చడి నా నమ్మకాన్ని కొంచెం కదిలించిందని ఒప్పుకోవాలి.

కడుపు నిండాక అక్క అసలు సంగతి బయటపెట్టింది. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుందట. ఆయన చెప్పిన మాట నిజమని తేలితే పుట్టలో పాలు పోస్తానని. పొయ్యవే, మంచిదే అన్నాను. ఆ మొక్కు తీరేదాకా కారులో వచ్చే వాళ్లెవరూ నీచు ముట్టకూడదంది. నీచు అంటే చేపా మాంసమూ అన్నీను. నాకు కళ్లు తిరిగాయి. మొక్కు నీదైతే ఉపవాసం నాదెందుకే అని పోట్లాడాను. అందరం ఒక పని మీద వెళ్తున్నాం, అందరికీ వర్తిస్తుందంది. చేతులకి పసుపు అంటుకుని ఉంది, అప్పటికే పులిహోర కలిపేసిందని అర్థమైంది.

బావగారికి ఈ గొడవ పట్టలేదు. ఆయన నా బట్టలు చూస్తున్నారు. పసుపుపచ్చ చుడీదార్ వేసుకున్నాను, దివిసీమ కదా ఫోటోల్లో బాగుంటుందని. అది చూస్తే పిట్టలు నాగాయలంక నుంచి నేరుగా శ్రీలంక పోతాయన్నారు. చివరికి ఆయన పాత ఖాకీ రంగు చొక్కా ఒకటి పైన వేసుకున్నాను. అద్దంలో చూసుకుంటే లైన్‌మన్‌లా ఉన్నాను.

చెరువుల దారి

గుడివాడ నుంచి బందరు దారిలో ఎటు చూసినా చెరువులే. మా అనంతపురంలో నీళ్ల ట్యాంకరు ఆగితే పిట్టల కంటే ముందు మనుషులం వాలతాం. ఇక్కడ నీళ్లని చూసి ఎవరూ తల కూడా తిప్పరు. చేపల చెరువుల మీద తాళ్లు కట్టి, వాటికి మెరిసే రిబ్బన్లు వేలాడదీశారు. పెళ్లేమో అనుకున్నాను. కాదట, చేపల్ని కొంగలు ఎత్తుకుపోకుండా బెదిరించడానికట.

ఒకచోట బావగారు కారు ఆపి బైనాక్యులర్స్ తీశారు. గట్టు మీద టీ పట్టుకుని నేను నిలబడ్డాను. సరిగ్గా నా వెనక ఢామ్మని టపాకాయ పేలింది. టీ అంతా ఖాకీ చొక్కా మీద పడింది, కొంగలన్నీ లేచిపోయాయి. కాల్చినవాడు చెరువు కాపలా మనిషి, నడివయసాయన, చాలా మర్యాదస్తుడు. ఏవండీ కాలిందాండీ అని అడిగి, మళ్లీ వాలబోతున్న కొంగల వైపు చెయ్యి ఊపుతూ, పొండి పొండి అని అరిచాడు. మా వైపు ఏమప్పా అంటే ప్రేమ. కృష్ణా జిల్లాలో పిట్టని తోలినా అండి అనే తోలతారని మెచ్చేశాను.

మేం పిట్టల్ని చూడ్డానికే వచ్చామంటే ఆయనకి నమ్మకం కుదర్లేదు. "నేను పొద్దస్తమానం తోలుతుంటే మీరు డబ్బు ఖర్చు పెట్టుకుని చూట్టానికొచ్చారా అండి? ఇవన్నీ మీరే తీసుకెళ్లండి, ఇంకోసారి రాకుండా," అన్నాడు. బావగారు ఆయనకి కత్తెరముక్కు బొమ్మ చూపించి, ఎప్పుడైనా చూశారా అని అడిగారు. చేపలు తింటుందా అని ఎదురడిగాడు. తింటుందని చెప్పగానే, అయితే ఇక్కడికి రాకూడదండి అని తేల్చేశాడు.

బందరు

మచిలీపట్నాన్ని మచిలీపట్నం అని పిలిచేది రైల్వేవాళ్లు, నాలాంటి బయటివాళ్లు మాత్రమే. మిగతా లోకానికి అది బందరు. అక్కడ మాకు తోడుగా రావాల్సినవాళ్లు ఇద్దరు. ఒకరు గ్రూపు నడిపే డాక్టర్ పద్మజ, రెండోవాడు రఘురాం. పద్మజగారు పళ్ల డాక్టరు. ఆవిడ ఇంటికి వెళ్లగానే పళ్లెం నిండా తొక్కుడు లడ్డూలు పెట్టారు, దాని పక్కన జీడిపప్పు తేలిన బందరు హల్వా. పళ్ల డాక్టరుగారే ఇంత తీపి పెడితే ఎలా అండీ అంటే, తినకపోతే నా దగ్గరికి ఎవరొస్తారండీ అన్నారు. లడ్డూ నోట్లో పెడితే కొరకాల్సిన పనే లేదు, కరిగిపోతుంది. పులిహోర మీద కక్షతో నాలుగు తినేశాను.

ఆవిడ బావగారి మరక ఫోటోని కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి, పంటి ఎక్స్‌రే చూసినట్టు దగ్గరికొచ్చి చూశారు. ముక్కు ఉంది గానీ ఏ ముక్కో తెలియట్లేదు మాస్టారూ, లెన్స్ మీద దుమ్ములా ఉందన్నారు. మాటలో వెటకారం లేదు, అందుకే బావగారికి ఇంకా గుచ్చుకుందనుకుంటాను. రఘురాం మాత్రం, రేపు స్టెప్పులు చూపిస్తారు లెండి అని నవ్వి, బైనాక్యులర్స్ సంచీ బాగుందే అని మెచ్చుకున్నాడు. చిన్నప్పటి సున్నాలన్నీ వడ్డీతో వసూలు చేస్తున్నాడు.

సాయంత్రం మంగినపూడి బీచికి వెళ్లాం. ఇసుక అనుకుని కాలు పెడితే నల్లరేగడి. దూరంగా నీటి మీద తెల్లగా, ఎర్రటి ముక్కుతో ఏదో తేలుతూ కనిపించింది. కత్తెరముక్కు, కత్తెరముక్కు అని గొంతు చించుకుని అరిచాను. పద్మజగారు లెన్స్ తిప్పి చూసి, చిప్స్ ప్యాకెట్ అండీ అన్నారు. రఘురాం నవ్వి నవ్వి కూర్చుండిపోయాడు. బావగారొక్కరే నవ్వలేదు.

"మనసులో అదే పెట్టుకుని చూస్తే అదే కనిపిస్తుంది వసుంధరా," అన్నారు. నన్ను ఓదారుస్తున్నారనుకున్నాను.

మోపిదేవి మీదుగా

మర్నాడు చల్లపల్లి దాటి మోపిదేవి వచ్చేసరికి గుడి ముందు జాతరలా ఉంది. చెవులు కుట్టించుకున్న పిల్లల ఏడుపులు, తలనీలాలిచ్చిన గుండ్లు, పాలగ్లాసులు పట్టుకుని వరసలో ఆడవాళ్లు. పని కాకుండా గుళ్లోకి వెళ్లి ఏమడుగుతాం, వచ్చేటప్పుడు చూద్దామని అక్క కారు దిగనివ్వలేదు. అద్దం దించి అక్కడి నుంచే దణ్ణం పెట్టుకుంది. స్వామికీ ఈవిడకీ మధ్య బేరం గట్టిగానే నడుస్తోంది.

పులిగడ్డ దగ్గర నదికి అడ్డంగా వంతెన కట్టి దాని మీద కాలవని పారించారు. కింద కృష్ణ, పైన కాలవ. నీళ్ల మీద నీళ్లు. మా జిల్లావాళ్లు ఇది చూస్తే అసూయతో పడిపోతారు. నేనూ కాసేపు అసూయపడి, అవనిగడ్డ వచ్చాక అసూయ మరిచిపోయాను. రోడ్డు పక్క హోటల్లో పండుగొప్ప చేప ముక్కలు వేగుతున్నాయి. మిరియం, కరివేపాకు, ఆ నూనె చప్పుడు. అక్క నా చేతిలో పులిహోర పొట్లం పెట్టింది. రఘురాం, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అతని మీద నాకు మొదటిసారి జాలి కలిగింది.

నాగాయలంక

రేవులో మాకు పడవ ఇచ్చినాయన నాంచారయ్య. సముద్రం మీద వేట చేసి మానేసి, ఇప్పుడు మనుషుల్ని తిప్పుతున్నాడు. వచ్చేవాళ్లంతా నది సముద్రంలో కలిసే చోటుకి తీసుకెళ్లమంటారట, అక్కడ ఫోటోలు దిగుతారట. మాకు ఆ చోటు అక్కర్లేదనేసరికి ఆయన బాధపడ్డాడు. ఇన్ని పిట్టలుండగా ఆ ఒక్కదాన్నే ఎందుకండి ఎతకటం, ఉన్నవాటితో సరిపెట్టుకోవచ్చు కదా అన్నాడు. ఇంట్లో ఈ మాట నేను చాలాసార్లు చెప్పానని అక్క అంది.

మడ అడవి పక్కనుంచి పడవ మెల్లగా వెళ్తుంటే చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వంకర ముక్కు ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కు మొత్తం దించి పీతల్ని లాగుతున్నాయి. మిగతా పీతలు పరుగులు. నేను చూసిన ప్రతిదాన్నీ ఇదేనా ఇదేనా అని అడిగి అందరి ప్రాణం తీశాను. కాదు, కాదు, కాదు.

మధ్యాహ్నం దాటాక ఒక పెద్ద పిట్ట నీటి మీదుగా వచ్చింది. తెల్లటి ఒళ్లు, నల్లటి టోపీ, ఎర్రటి లావు ముక్కు. నేనింక అడగలేదు, చిప్స్ ప్యాకెట్ గుర్తుంది. పద్మజగారే, కాస్పియన్ టర్న్ అండీ, చలికాలం వస్తుంటాయన్నారు. అది కిందికి దిగి, రెక్కలాడిస్తూనే ముక్కు ఒక్కసారి నీళ్లకి తాకించి పైకి లేచిపోయింది. నీళ్లు తాగిందట. బావగారు బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకుని, అది చుక్కయిపోయేదాకా చూస్తూనే ఉన్నారు. దించాక పడవ చెక్కకి జారగిలబడ్డారు. ఎండకి అలిసిపోయారనుకున్నాను.

ఆ సాయంత్రం మేం దిగిన గదిలో ఆయన బైనాక్యులర్స్‌ని మెత్తటి గుడ్డతో తుడిచి తుడిచి సంచీలో పెట్టారు. ఎవరికో ఇచ్చే వస్తువుని తుడిచినట్టే ఉంది. ఇంకా రేపుంది కదండీ అని అక్క అంది. ఉంది అన్నారు, అంతే. అక్క నా వైపు చూసింది. ఆవిడ కళ్లలో వంటిల్లు కనబడింది గానీ, దాని వెనకాల నిజంగానే దిగులు కూడా ఉంది. నాకూ ఆ రాత్రి మొదటిసారి ఈ పిచ్చి పిట్ట కనబడితే బాగుండునని గట్టిగా అనిపించింది.

ఇసుక మేట

మర్నాడు పొద్దున్నే బయల్దేరి ఇంకో పాయలోకి వెళ్లాం. కాసేపటికి పడవ గర్రుమని ఆగిపోయింది. నాంచారయ్య గెడ వేసి తోశాడు, రఘురాం దిగి తోశాడు, నేను దిగి బురదలో ఒక చెప్పు పోగొట్టుకున్నాను తప్ప పడవ కదల్లేదు. నీరు వెనక్కి తీసే వేళకి ఇసుక మేట మీదికి ఎక్కించేశాడాయన. మా కబుర్లు వింటూ చూసుకోలేదని తప్పు మా మీదే పెట్టాడు.

"పోటొస్తేగాని కదలదండి. కూచోండి, ఎక్కడికెళ్తాం," అని బీడీ ముట్టించాడు.

అక్క పులిహోర విప్పింది. మూడో రోజు కూడా పులిహోరే. గాలి పడిపోయింది, పాయలో నీరు నూనెలా కదలకుండా ఉంది. రఘురాం కూడా ఏడిపించడం మానేశాడు. బావగారు పడవ చివర కూర్చుని బైనాక్యులర్స్ మెడలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

మొదట చూసింది అక్క. ఏవండీ, అవేమిటి, నీళ్ల మీద గీత గీస్తున్నాయి అంది.

మూడు పిట్టలు. పైన నలుపు, కింద తెలుపు, నారింజ రంగు పొడుగు ముక్కు. ఒకదాని వెనక ఒకటి, నీటికి జానెడు ఎత్తులో వస్తున్నాయి. రెక్కలు పైపైనే ఆడుతున్నాయి, కిందికి దించితే తడుస్తాయని కాబోలు. నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కింది ముక్కు నీళ్లలో దిగి, దర్జీ చాక్‌పీసుతో బట్ట మీద గీసినంత తిన్నగా గీత గీస్తోంది. మా పడవ పక్క నుంచే వెళ్లాయి. ముందున్నదాని తల ఉన్నట్టుండి కిందికి విరిగినట్టు వంగింది, ముక్కు మూసుకుంది, లేచేసరికి వెండి చేప తన్నుకుంటోంది. పాయ చివరిదాకా వెళ్లి, తిరిగి, మళ్లీ అదే గీత మీదుగా వచ్చాయి. వెళ్లేటప్పుడు కదిలిన నీళ్లకి చేపలు పైకొస్తాయట, వచ్చేటప్పుడు పట్టుకుంటాయట. ఎంత తెలివి. నేను ఇసుకలో ఒంటి చెప్పుతో నిలబడి ఏడ్చేశాను. ఎందుకో నాకే తెలీదు. అంత అందమైన పనిని అంత మామూలుగా చేసుకుపోతుంటే ఏడుపొచ్చింది.

పద్మజగారి కెమెరా ఆగకుండా మోగుతోంది. రఘురాం ఫోటోలు మానేసి పడవెక్కి బావగారి కాళ్లకి దణ్ణం పెట్టబోయి, పడవ వంగి, ఆయన ఒళ్లో పడ్డాడు. తప్పయిపోయింది మాస్టారూ అన్నాడు. అక్క కళ్లు ఒత్తుకుంటోంది. నాంచారయ్య కూడా బీడీ పారేసి, బానే ఉన్నాయండోయ్ అని ఒప్పుకున్నాడు. బావగారు మాత్రం పిట్టల్నే చూస్తున్నారు. ఆయన ముఖంలో సంతోషం ఉంది, గెలిచినవాడి సంతోషం కాదు. ఇలా ఉంటుందన్నమాట అన్నారు మెల్లగా. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

పోటొచ్చి పడవ కదిలి రేవు చేరేసరికి పద్మజగారు పెట్టిన కబురుకి గ్రూపులో అభినందనలు కుప్పలుగా పడి ఉన్నాయి. ప్లాస్టిక్ కవరన్నాయన క్షమాపణ రాశాడు. నేను సెల్ చూడకుండా రొయ్యల గురించి ఆలోచించాను. మోపిదేవిలో పాలు పోయడమే తరువాయి.

మళ్లీ మోపిదేవి

గుడి ముందు అక్క పాలు కొని, గ్లాసు పట్టుకుని వరస వైపు నడిచింది. బావగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన బయట భార్య చెయ్యి పట్టుకోవడం నేనెప్పుడూ చూళ్లేదు.

"ఆగు సత్యవతీ. నువ్వు ఏమని మొక్కుకున్నావు?"

"మీరు చెప్పిన మాట నిజమని తేలితే పోస్తానని."

"తేలలేదు. కిందటేడు నేను చూసింది ఇది కాదు."

ఆయన మెల్లగా, బోర్డు మీద రాస్తున్నట్టే చెప్పారు. నిన్న పడవలోంచి చూసిన ఎర్రముక్కు టర్న్ ఉంది కదా, కిందటేడు రేవులో చూసింది అదే. నల్ల టోపీ చూశాను, ఎర్రముక్కు చూశాను, నీళ్ల మీదికి వంగడం చూశాను. నీటిని కోసుకుంటూ పోవడం మాత్రం చూళ్లేదు. అది నేను నింపుకున్నాను. ఆ పిట్టని ఎంత చూడాలనుకున్నానంటే, చూసేశాననే అనుకున్నాను. స్వామి దగ్గర ఆ తప్పుని పాలతో కప్పలేను.

పద్మజగారు నమ్మలేదు. మీరు మరీ మొహమాటపడుతున్నారు మాస్టారూ అని ఫోన్ తీసి పాత మరక ఫోటో పెద్దది చేశారు. ఇదిగో చూడండి, కింది ముక్కు ఎంత పొడుగ్గా ఉందో అన్నారు. మొన్న అదే ఫోటోలో దుమ్ము చూసిన మనిషి. నేనూ వంగి చూశాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మరకలో ముక్కు కనబడింది. బావగారు అప్పటికే గ్రూపులో సంగతంతా రాసేశారట. జవాబులు వస్తున్నాయి. టర్న్ అని రుజువేదండీ అని ఒకరు, పక్కన ఎవరైనా ఉండి చూశారా అని ఇంకొకరు. కట్టుబాటు కట్టుబాటే కదా.

"చూశానంటే నమ్మలేదు. చూళ్లేదంటే నమ్మట్లేదు," అన్నారు బావగారు. బైనాక్యులర్స్ మెడలోంచి తీసి రఘురాంకి అందించారు. "అన్నమాట ప్రకారం ఇవి నీవి రఘూ. నేను తప్పుకుంటున్నాను."

రఘురాం చేతులు చాచలేదు. "జవాబు కరెక్టే కదండీ మాస్టారూ. ఉందన్నారు, ఉంది."

"స్టెప్పు తప్పు. నీకు తెలీదా?"

తెలుసన్నట్టు రఘురాం తలూపాడు. ఆ గుంపు మొత్తంలో ఆయన మాట నమ్మింది అతనొక్కడేనని నాకప్పుడు అర్థమైంది. పద్మజగారి హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నాడు. ప్రసాదం కట్టిచ్చే కాగితం ఒకటి చింపి, గుడి గోడకి ఆనించి, గుండ్రంగా ఒక సున్నా చుట్టాడు. అక్క గ్లాసులో పాలు తొణికాయి.

"ఏరా, చదువు చెప్పిన మాస్టారికి సున్నా వేస్తావా?"

రఘురాం సున్నా కింద ఇంకో ముక్క రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కాగితాన్ని రెండు చేతులతో బావగారికి ఇచ్చాడు.

"సున్నా వచ్చినవాణ్ణి మీరెప్పుడైనా క్లాసులోంచి పంపేశారా మాస్టారూ?" అన్నాడు.

బావగారు కళ్లజోడు సర్దుకుని చదివారు. ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు చదివారు. ఎంతైనా మాస్టారు మాస్టారే. తేదీ వెయ్యలేదు అన్నారు. రఘురాం తేదీ వేశాడు. బైనాక్యులర్స్ మళ్లీ మెడలోకి వెళ్లాయి.

అక్క వరస వైపు కదిలింది. మొక్కు చెల్లదన్నారు కదే అంటే, కిందటేటి మాట సంగతి నాకు తెలీదు, ఇందాక చెప్పిన మాట మాత్రం నిజం, దానికే పోస్తున్నానంది. వెళ్లి పోసింది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ ముఖం కడిగిన పళ్లెంలా తేటగా ఉంది.

ఇంక చేపల సంగతి. అంతా అయ్యాక అవనిగడ్డ హోటల్ గుర్తుచేశాను. అక్క నన్ను అదోలా చూసి, పుట్టలో పాలు పోసి వస్తూ ఈ పూట నీచు తింటారటే అంది. మర్నాడు పొద్దున్నే నా రైలు. అనంతపురం దాకా నాకు తోడొచ్చింది ఒంటి చెప్పు, తొక్కుడు లడ్డూల పెట్టె, మిగిలిన పులిహోర.

గ్రూపులో ఇప్పటికీ బావగారిని కత్తెరముక్కు మాస్టారు అనే పిలుస్తున్నారట, ఎంత చెప్పినా వినట్లేదట. ఆయన పట్టించుకోవడం మానేశారు. ప్రసాదం కాగితం మీది సున్నా గుడివాడలో ఫ్రిజ్ తలుపుకి అతికించి ఉంది. రోజూ పొద్దున్నే చల్లటి నీళ్ల సీసా తీసుకుంటూ ఆయన దాన్ని చదువుకుని, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని బయటికి వెళ్లిపోతారని అక్క చెప్పింది. సున్నా కింద ఎర్ర సిరాతో రెండే మాటలు, వాటిలో ఒక్క మర్యాద మాత్రం రఘురాం కలిపింది: "మళ్లీ చెయ్యండి."